ఒకే కుండ, ఒకే కూర... మరి నాకే ఎందుకు ఒళ్ళు పెరుగుతోంది?



ఈసారి పురుగుల జబ్బుల గురించి కాదు, వాటిని పెంచే చేతుల గురించి మాట్లాడుకుందాం. తమిళనాడు ధర్మపురి వైపు నుంచి ఒక అక్క మనకు వాయిస్ మెసేజ్ పెట్టింది. పేరు చెప్పొద్దంది, చెప్పడం లేదు. మాట మాత్రం ఆమెదే:

"నాకు 46 ఏళ్ళు. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. బరువు 64 కిలోలు. మా ఇంట్లో ఆయనకూ నాకూ ఒకే కుండ, ఒకే కూర. తెల్లారి అయిదుకు మొదటి మేత వేసేది నేనే, రాత్రి పదికి ఆఖరి మేత వేసేది నేనే. ఆయన చూస్తే చువ్వలాగా ఉంటాడు. నాకేమో ఏడాదికేడాది ఒళ్ళు పెరుగుతోంది. పై అరకు మేత వేయాలంటే నేను స్టూలు ఎక్కాలి. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. పోయిన నెల రక్తం చూస్తే షుగరు అంచులో ఉందన్నారు. ఇట్లే పోతే షెడ్డు మానుకోవాల్సి వస్తుందేమో అని భయం."

ఈ అక్క ఒక్కతే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 40 మంది అధిక బరువుతో ఉన్నారు. ఆంధ్రాలో 36 మంది, తెలంగాణలో 30 మంది. దేశం మొత్తం చూస్తే 24 మంది.

అందరూ చెప్పే జవాబు ఒకటే, "తిండి తగ్గించు, నడువు" అని. ఎంత తగ్గించాలి, ఎందుకు తగ్గించాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. పొట్టిగా ఉన్న మనిషికి ఆ లెక్క తెలియకపోతే ఎంత కష్టపడినా ఫలితం కనిపించదు. కాబట్టి ముందు లెక్క చూద్దాం.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

మూడో జ్వరం దాటని పురుగుకూ, నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగుకూ ఒకే లెక్కన ఆకు వేస్తామా? వెయ్యం. ఒక పంటకు పట్టే ఆకులో నూటికి 80 భాగాల పైన ఆఖరి దశలోనే పోతుందని మనకు తెలుసు. పురుగు సైజు చూసి మేత వేస్తాం. వంటింట్లో మాత్రం ఆరడుగుల మనిషికీ అయిదడుగులు లేని మనిషికీ ఒకే గరిటె.

ఊరికే కూర్చున్నా మన ఒంటికి కొంత శక్తి కావాలి. గుండె కొట్టుకోవడానికి, ఊపిరికి, ఒంటి వేడికి అది ఖర్చవుతుంది. ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి డాక్టర్లు దీన్ని లెక్క కడతారు. మన అక్క లెక్క సుమారు 1,170 కేలరీలు. 50 ఏళ్ళు, 5 అడుగుల 7 అంగుళాలు, 68 కిలోలు ఉన్న మగమనిషికి సుమారు 1,500. ఇద్దరూ ఒకే రకం పని చేస్తారనుకుంటే, పని కూడా కలుపుకుని ఆమెకు రోజుకు 1,750 చాలు, ఆయనకు 2,250 కావాలి. తేడా 500 కేలరీలు. అంటే దాదాపు 140 గ్రాముల బియ్యంతో వండిన అన్నం. ఒక పూట తిండి అంత!

ఒకే కుండలో తిన్నా ఆయనకు సరిపోయింది ఈమెకు ఎక్కువైపోతోంది. ఇందులో ఆమె తిండిపోతుతనం ఏమీ లేదు. కొలత తప్పింది, అంతే.

"వయసు మళ్ళింది కదా, ఒళ్ళు కరగదు" అనే మాట కూడా ఒకసారి చూద్దాం. 2021లో 29 దేశాల నుంచి 6,400 మందికి పైగా మనుషుల కొలతలు చూసి ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ఒంటి సైజును లెక్కలోకి తీసుకుంటే, 20 ఏళ్ళ నుంచి 60 ఏళ్ళ దాకా మనిషి ఒంట్లో శక్తి ఖర్చు పెద్దగా మారదని అందులో తేలింది. మరి నలభై దాటాక ఒళ్ళెందుకు వస్తుంది? కండ తగ్గుతుంది. నిద్ర తగ్గుతుంది. ఒకప్పుడు తలమీద మోసిన ఆకు ఇప్పుడు బండి మీద వస్తోంది. పైగా మన దేశంలో ఆడవాళ్ళకు సగటున 46 ఏళ్ళ ప్రాంతంలో ముట్లు ఆగిపోతాయి. అప్పటి నుంచి కొవ్వు తొడల మీద కంటే పొట్ట మీద ఎక్కువ చేరుతుంది. వీటిలో ముట్లు ఆగడం మన చేతిలో లేదు, మిగతావాటిలో కొంత మన చేతిలో ఉంది.

దర్జీ టేపు చాలు

కిలోల బరువు ఒక్కటే చూసి భయపడొద్దు, ధీమాగానూ ఉండొద్దు. 64 కిలోలు 5 అడుగుల 5 అంగుళాల మనిషికి పెద్ద ఎక్కువేమీ కాదు. 4 అడుగుల 10 అంగుళాల మనిషికి మాత్రం చాలా ఎక్కువ. మనలాంటి ఆసియా వాళ్ళకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. ఎత్తును బట్టి అది ఇట్లా వస్తుంది:

4 అడుగుల 9 అంగుళాలు: 48 కిలోల దాకా మంచిది, 52న్నర దాటితే ఊబకాయం
4 అడుగుల 10 అంగుళాలు: 50 దాకా మంచిది, 54 దాటితే ఊబకాయం
4 అడుగుల 11 అంగుళాలు: 51న్నర దాకా మంచిది, 56 దాటితే ఊబకాయం
5 అడుగులు: 53 దాకా మంచిది, 58 దాటితే ఊబకాయం

ఇంకో సులువైన కొలత ఉంది. దర్జీ టేపు తీసుకోండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక, నడుం చుట్టూ కొలవండి. అది మీ ఎత్తులో సగానికి మించకూడదు. 4 అడుగుల 10 అంగుళాలంటే 58 అంగుళాలు. అంటే నడుం 29 అంగుళాల లోపు ఉండాలి. ఆసుపత్రుల్లో మామూలుగా ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు హద్దు అంటారు. పొట్టివాళ్ళకు ఇంకా కొంచెం ముందే జాగ్రత్త పడాలి.

ఈ పట్టిక చూసి "అయ్యో, నేను 14 కిలోలు తగ్గాలా" అని దిగులు పడకండి. ముందు నూటికి అయిదు వంతులు చాలు. మన అక్కకు అది 3 కిలోల పైచిలుకు. ఆ మాత్రం తగ్గినా రక్తపోటు, షుగరు దారికి రావడం మొదలవుతాయి. మోకాళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద పడే బరువు దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని పరిశోధకులు కొలిచి చూశారు. మూడు కిలోలు తగ్గితే ప్రతి అడుగుకూ 12 కిలోలు దిగినట్టు. స్టూలు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

నెలకు పది కిలోలు?

ఫోన్లో వీడియోలు చూస్తుంటాం, "నెలలో 10 కిలోలు తగ్గండి" అని. లెక్క కట్టండి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తక్కువ పడాలి. పది కిలోలకు 77,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,500 పైన. మన అక్క రోజంతా ఖర్చు పెట్టేదే 1,750. అంటే నెలంతా పచ్చి మంచినీళ్ళు తాగి ఉన్నా పది కిలోల కొవ్వు కరగదు. అట్లా తగ్గినట్టు కనిపిస్తే పోయింది నీళ్ళూ కండా. కండ పోయిన ఒళ్ళు మళ్ళీ తొందరగా లావెక్కుతుంది.

పొట్టిగా ఉన్నవాళ్ళు రోజుకు 300 కేలరీలు తగ్గిస్తే చాలు. 7,700ను 300తో భాగిస్తే దాదాపు 25 రోజులు. మనకు ఒక పంట కాలం! మొదట్లో బ్యాచ్‌కు ఒక కిలో లెక్కన తగ్గుతుంది. తర్వాత ఒళ్ళు తేలికయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. ఆరు బ్యాచ్‌లకు మూడు నాలుగు కిలోలు తగ్గితే అది మంచి పంట కిందే లెక్క.

ఆ 300 ఎక్కడ దొరుకుతుంది?

టీ: షెడ్డు పనిలో రోజుకు నాలుగు టీలు మామూలే. టీకి రెండు స్పూన్లు అంటే మొత్తం 40 గ్రాముల చక్కెర. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం చక్కెర రోజుకు 20-25 గ్రాములు దాటకూడదు. రెండు టీలు మానేసి, మిగిలిన రెండింటిలో ఒక్కో స్పూను వేసుకోండి. 120 కేలరీలు మిగిలాయి. బెల్లం వేసుకుంటే పరవాలేదు అనుకోవద్దు, దాని లెక్కా ఇంచుమించు అంతే.

నూనె: రోజుకు రెండు చిన్న స్పూన్లు తగ్గిస్తే 90 కేలరీలు. నలుగురున్న ఇంటికి నెలకు రెండున్నర లీటర్లు దాటకుండా చూసుకోండి. డబ్బా మూత మీద తెరిచిన తేదీ రాసి పెడితే ఎన్నాళ్ళు వచ్చిందో తెలుస్తుంది.

సంగటి: ధర్మపురి రాగుల సీమ. 2023 మే నుంచి ధర్మపురి, నీలగిరి జిల్లాల్లో రేషన్ కార్డుకు బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం కూడా మొదలైంది. రాగి మంచిదే. నూరు గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, తెల్లబియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. కాల్షియం 360 గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో లెక్క, 360 పైనే ఉంటుంది. ముట్లు ఆగే వయసులో ఎముకలకు అది అక్కరకొస్తుంది. కానీ "సంగటి తింటే సన్నబడతారు" అన్నది సగం మాటే. నూరు గ్రాముల రాగుల్లో 320 కేలరీలు, బియ్యంలో 356. తేడా కొంచెమే. ముద్ద పెద్దదైతే రాగి కూడా ఒళ్ళు పెంచుతుంది. ఒకసారి మీ ముద్దకు ఎంత పిండి, ఎంత బియ్యం పడుతోందో తూకం వేసి చూడండి, తూకం మనకు కొత్తేమీ కాదు కదా. అందులో 30 గ్రాములు తగ్గిస్తే ఇంకో 95 కేలరీలు.

మొత్తం 300 అయిపోయింది. పస్తు ఉండే పని లేదు, ఇంట్లో వేరే వంట చేసే పనీ లేదు.

తగ్గించిన చోట ఖాళీ వదలొద్దు. సగం ప్లేటు ఆకుకూర, కూరగాయలు. పావు ప్లేటు సంగటి లేదా అన్నం. మిగిలిన పావు పప్పు, ఉలవలు, అనపగింజలు, గుడ్డు, చేప ఏదైనా. కండ నిలబడాలంటే ఈ పావు ముఖ్యం. నూరు గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. మన మెట్ట చేలల్లో పండేదే, పొడులూ డబ్బాలూ కొనక్కర్లేదు.

ఇంకో మాట, నవ్వుకోకండి. పురుగు తినగా మిగిలిన ఆకును మళ్ళీ పురుగుకే వెయ్యం, ఆవుకు వేస్తాం. ఇంట్లో పిల్లలు వదిలేసిన అన్నం, అడుగంటిన కూర మాత్రం "పారేస్తే పాపం" అని అమ్మే తింటుంది. రోజూ నాలుగు ముద్దలే, కానీ ఏడాదికి లెక్క కడితే చాలానే అవుతుంది. వండేటప్పుడే ఒక పిడికెడు తగ్గించి వండండి.

పని చేస్తున్నాం కదా, నడక ఎందుకు?

ఇది ప్రతి అక్కా అడిగే మాట. షెడ్డు పని పనే, ఎవరూ కాదనరు. కాకపోతే అందులో నిలబడటం, వంగటం ఎక్కువ. గుండె వేగం పెంచే పని తక్కువ. కొమ్మ మేత వచ్చాక ఆకు తుంచే పనీ, తట్టలు మార్చే పనీ తగ్గాయి. నడుముకు అది మేలే, కానీ ఖర్చయ్యే శక్తీ తగ్గింది. అందుకే వారానికి అయిదు రోజులు, అరగంట, మాట్లాడగలిగేటంత కానీ పాట పాడలేనంత వేగంతో నడవాలి. తోట గట్టు మీదే నడవొచ్చు.

నిజం చెప్పాలంటే నడక ఒక్కదానితో బరువు పెద్దగా తగ్గదు. అరగంట నడకకు మన అక్కకు వంద కేలరీలు కరిగితే గొప్ప. అయినా నడవాలి. ఎందుకో చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన చెబుతుంది. షుగరు అంచులో ఉన్న 531 మందిని తీసుకుని, కొందరికి తిండి, నడకలో మార్పులు నేర్పించారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, ఏ మార్పూ చేయని వాళ్ళకంటే వీళ్ళలో షుగరు జబ్బు వచ్చే ముప్పు నూటికి 28 వంతులు తగ్గింది. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇంకో విశేషం, వాళ్ళ బరువు పెద్దగా తగ్గలేదు! అంటే తూకం ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుంది. "నెల రోజులు నడిచా, అర కిలో కూడా తగ్గలేదు" అని మానేసే అక్కలు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

నడకతో పాటు వారానికి రెండు మూడు సార్లు కండకు పని చెప్పండి. గోడకు ఆనించిన కుర్చీలో చేతులు పట్టుకోకుండా పదిసార్లు కూర్చుని లేవండి. గోడకు చేతులు ఆనించి తోయండి. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తండి. మోకాలు నొప్పి ఉంటే కుర్చీ మీద ఒక దిండు వేసుకుని ఎత్తు పెంచుకోండి.

పంట క్యాలెండర్ ప్రకారం

పట్నం వాళ్ళ డైట్ చార్టులు మనకు పనికిరావు. మన రోజులు పురుగును బట్టి నడుస్తాయి. కాబట్టి ఇట్లా పెట్టుకోండి.

చాకీ పురుగులు ఇంటికొచ్చినప్పటి నుంచి నాలుగో జ్వరం దాకా పని కొంచెం తేలిక. కొత్త అలవాటు ఏదైనా ఈ రోజుల్లోనే మొదలుపెట్టండి. బ్యాచ్‌కు ఒక్క మార్పు చాలు.

నాలుగో జ్వరం లేచాక ఆ ఏడెనిమిది రోజులు ఊపిరి సలపదు. అప్పుడు తిండి ఇంకా తగ్గించాలని చూడొద్దు. వేళకు తినడం ఒక్కటే నియమం. చాలామంది ఆఖరి మేత వేశాక రాత్రి పదిన్నరకు కడుపు నిండా తిని అట్లే పడుకుంటారు. ఏడున్నరకే తినేసి మేతకు వెళ్ళండి. తర్వాత ఆకలేస్తే ఒక గ్లాసు మజ్జిగ. నిద్ర తక్కువైతే మరుసటి రోజు ఆకలి ఎక్కువవుతుంది, తీపి మీదికి, నూనె వస్తువుల మీదికి మనసు పోతుంది. రాత్రి మేత ఒక రోజు మీరు, ఒక రోజు అన్న వేస్తే సగం బాధ తీరుతుంది. అన్నలూ, ఈ వాక్యం మీకోసమే.

పురుగులు చంద్రికలు ఎక్కాక కొన్ని రోజులు ఖాళీ. ఇవి నిద్ర తీర్చుకునే రోజులు.

మార్కెట్ రోజు: గూళ్ళ మూటలతో ధర్మపురి పోయిన రోజు ఆకలికి బజ్జీ, పరోటా కనిపిస్తాయి. ఇంటి నుంచి గుగ్గిళ్ళు కట్టుకుని పోండి. ధర బాగా వచ్చిన రోజు ఒక స్వీటు తింటే కొంపేం మునగదు, తినండి.

గూళ్ళు తూకం వేసిన మరుసటి పొద్దున, ఏమీ తినకముందే, మీరూ తూకం ఎక్కండి. నడుం కొలవండి. రెండు అంకెలూ పంట లెక్కల పుస్తకంలోనే రాయండి. రోజూ తూకం ఎక్కి దిగులు పడే పని లేదు.

మల్బరీ ఆకు టీ తాగొచ్చా?

మన గుంపులో దీని మీద చాలా వీడియోలు తిరుగుతున్నాయి. మల్బరీ ఆకులో డీఎన్‌జే అనే పదార్థం ఉన్న మాట నిజం. అది పిండిపదార్థం చక్కెరగా మారే వేగాన్ని తగ్గిస్తుంది. అందువల్ల భోజనం తర్వాత షుగరు కొంచెం తక్కువ పెరగొచ్చు. బరువు కరిగించే మందు మాత్రం కాదు. మన తోట ఆకుకు మందు కొట్టి ఉంటాం, ఆ ఆకు కోసి టీ పెట్టుకోవద్దు. షుగరు మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ను అడగకుండా తాగొద్దు, షుగరు మరీ పడిపోవచ్చు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

షుగరు, బీపీ మందులు వాడుతుంటే తిండి తగ్గించే ముందే డాక్టర్కు చెప్పండి. మాత్ర అదే మోతాదులో ఉండి తిండి తగ్గితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి బరువు పెరగడం, ఒళ్ళు చల్లబడటం, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకి కొత్తవి వచ్చాయి. అవి డాక్టర్ చూసి రాయాల్సినవి, మందుల అంగడిలో అడిగి వేయించుకునేవి కావు.

పరీక్షలకు ఊరు దాటే పని కూడా తక్కువే. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న పక్కనే కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో "మక్కళై తేడి మరుత్తువం" పథకం మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూస్తారు, మందులు ఇస్తారు. వాళ్ళు వచ్చిన రోజు "షెడ్డులో పనుంది" అని తప్పించుకోకండి.

ఇక మన అక్కకు జవాబు. అక్కా, నీ తప్పేమీ లేదు, నీ కొలత వేరు. షెడ్డు మానుకోవద్దు. వచ్చే బ్యాచ్ చాకీ దిగిన రోజు నుంచి టీ చక్కెర ఒక్కటి తగ్గించు. ఆ పై బ్యాచ్‌కు ముద్ద. మూడో బ్యాచ్‌కు నూనె. పై అరకు మేత వేసే పని ఎత్తుగా ఉన్న ఆయనకు అప్పజెప్పి, కింది అరలు నువ్వు చూసుకో. మూడో పంట గూళ్ళు దింపాక నడుం కొలత ఎంత వచ్చిందో మళ్ళీ ఒక వాయిస్ పెట్టు.